రద్దయిన బండిలో నాలుగు వందల మంది

ముకిరన్‌కు కోపం ఎక్కువని కలిపుచుంగ్ స్టేషను చుట్టుపక్కల కోళ్ళకు కూడా తెలుసు. ఆయన టెలిఫోన్లో మాట్లాడుతుంటే ప్లాట్‌ఫారం చివర వేరుశనగ పచ్చడితో కూర అన్నం అమ్మే ఆవిడ ఆకులు తుడవడం ఆపి మరీ వినేది. "ఇంత గొంతు పెట్టుకుని నీకు ఫోనెందుకయ్యా? కిటికీ తీసి అరిస్తే వాళ్ళకు వినపడదూ?" అని భార్య కత్మిని వెక్కిరించేది. ఆయన నవ్వేవాడు కాదు. ఆ కోపం ఇంట్లో పుట్టింది కాదు మరి, పట్టాల మీద పుట్టింది.

తండ్రి ఆ లైను మీదే గేటు వేసి తీసే మనిషి. తల్లి కర్రపెండలం ఉడికించి దంచి, బెల్లం కలిపి ముద్దలు చేసి, పొద్దున్నే లోకల్ బండెక్కి పెట్టె పెట్టెకూ తిరిగి అమ్మేది. ముకిరన్ బడికి వెళ్ళిందీ ఆ బండిలోనే, ఆలస్యమై బడి గోడ పక్కన ఎండలో నిలబడిందీ ఆ బండి వల్లే. "బండి లేటైంది పాక్ గురూ" అని మాస్టారి ముందు ఏడిస్తే, "బండిని ఎలాగూ కొట్టలేనురా, నువ్వు దొరికావు" అని ఆ మాస్టరు బెత్తం తీసేవాడట. పందొమ్మిదో ఏట పట్టాల కీళ్ళకు నూనె పోసే పనిలో చేరాడు ముకిరన్. మూడుసార్లు పరీక్ష తప్పాడు. నాలుగోసారి గట్టెక్కి, ముప్పై రెండో ఏట ఎర్రటోపీ పెట్టుకున్నాడు. జావాలో రైలు స్టేషన్లో ఎర్రటోపీ అంటే బళ్ళను ఆపేవాడు, పంపేవాడు. ఈ కథ జరిగేనాటికి ఆయనకు యాభై నాలుగు. ఉద్యోగం ఇంకా రెండేళ్ళుంది.

ఆ వైపు ఒకటే పట్టాల దారి. ఎదురెదురుగా వచ్చే బళ్ళు ఏదో ఒక స్టేషన్లోనే ఒకదాన్నొకటి తప్పించుకోవాలి. ఎవరు ఆగాలి, ఎవరు పోవాలి అన్నది బన్యురెజో నగరంలో చల్లటి గదిలో కూర్చున్న కంట్రోలరు చెబుతాడు. ఆయన ఫోన్లో చెప్పిన ప్రతి ముక్కనూ స్టేషను మనిషి పొల్లుపోకుండా తిరిగి అప్పజెప్పాలి, రిజిస్టరులో రాయాలి, టైము వేసి సంతకం పెట్టాలి. వినికిడి తేడా వచ్చి రెండు బళ్ళు ముట్టె ముట్టె కొట్టుకోకూడదని ఎవరో పుణ్యాత్ములు పెట్టిన పద్ధతి. మంచి పద్ధతే. ముకిరన్ ఇరవై రెండేళ్ళుగా అప్పజెబుతూనే ఉన్నాడు, నిద్రలో లేపినా అప్పజెప్పగలడు.

ఒక్కటి మాత్రం కంట్రోలరు చేతిలో లేదు. అది లైన్ క్లియర్. పక్క స్టేషను వాళ్ళు "బండి పంపమంటారా?" అని అడిగితే, తన పట్టాలు ఖాళీగా ఉన్నాయని కళ్ళారా చూసి "పంపండి" అనాల్సింది ఎర్రటోపీ మనిషే. దేశాధ్యక్షుడు ఫోన్ చేసినా సరే, ఆ మాట ఆయన చేత బలవంతాన అనిపించకూడదు.

ఇక కంట్రోలు గదిలో ఇంకో పద్ధతి ఉంది. పుస్తకాల్లో ఉండదు, అందరికీ తెలుసు. నెలాఖరుకు వందకు ఎన్ని బళ్ళు టైముకు వచ్చాయో పైవాళ్ళు చూస్తారు. హద్దు దాటి లేటైన బండి వాళ్ళ లెక్కలో చచ్చిన బండి. చచ్చిన పామును ఒక దెబ్బ కొడితే ఏం, వంద కొడితే ఏం? అందుకని ఎక్కడ గోడ కూలినా, ఎక్కడ వంతెన కుంగినా, ఒక బండిని ఎంచుకుని మిగతా బళ్ళ ఆలస్యమంతా దాని నెత్తిన పోస్తారు. ఆ ఒక్కటీ ఎప్పుడూ లోకల్ బండే. 437. కూరగాయల బుట్టలవాళ్ళు, కుట్టుపని ఆడవాళ్ళు, కాలేజీ పిల్లలు ఎక్కే బండి. వాళ్ళు ఉత్తరాలు రాయరు, పేపర్లకెక్కరు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అంటారే, అదే ఇది. ముకిరన్ ఒళ్ళు మండేది సరిగ్గా ఇక్కడే.

ఆ జనవరి రోజున బన్యురెజోకు అవతల, తూర్పున, వానకు ఒక వంతెన కింద మట్టి కొట్టుకుపోయింది. తెల్లవారుజాము నుంచి తూర్పు ఎక్స్‌ప్రెస్‌లు ఐదు ఒకదాని వెనక ఒకటి అవతలే ఆగిపోయాయి. తొమ్మిదింటికల్లా రాళ్ళు పోసి, నత్తనడకన వదలడం మొదలుపెట్టారు. 437 వచ్చేది పడమటి వైపు నుంచి. దానికీ ఆ వంతెనకూ ఏ సంబంధమూ లేదు. తొమ్మిదీ పద్దెనిమిదికి, టైముకు టైము, కలిపుచుంగ్‌లో ఒకటో లైనులో వచ్చి నిలబడింది. పది దాటి పది నిమిషాలకు బన్యురెజో చేరాల్సింది. కంట్రోలరు "ఆపండి" అన్నాడు. ఆగింది.

పదీ ఐదుకు మొదటి ఎక్స్‌ప్రెస్ రెండో లైను మీంచి దూసుకుపోయింది. పదిన్నరకు రెండోది. కలిపుచుంగ్‌లో చినుకు లేదు, ఎండ మాడ్చేస్తోంది. లోకల్ పెట్టెల్లో ఫ్యాన్లు సగం తిరగవు. జనం ఉండలేక అవతలి వైపు దిగి, పెట్టెల నీడలో, రెండో లైను పట్టాల మీదే బుట్టలు పెట్టుకుని కూర్చున్నారు. బండి వచ్చినప్పుడల్లా ముకిరన్ ఈల ఊది, "లేవండి, లేవండి, చస్తారు!" అని తోలడం, పోయాక వాళ్ళు మళ్ళీ వచ్చి కూర్చోవడం. తోలుతున్నవాడికీ సిగ్గేసింది, లేస్తున్నవాళ్ళకూ సిగ్గేసింది.

"ఏం పాక్, మా బండికి కాళ్ళు విరిగాయా?" అని అడిగింది యూ సార్తి. బెండకాయలు, తోటకూర అమ్మే మనిషి. ఊరందరికీ అక్కే, అందుకే యూ అంటారు; పెద్ద మగవాళ్ళనైతే పాక్ అంటారు, అయ్యా అన్నట్టు. "తోటకూర వాడిపోయింది. నా మొహం చూడండి, అదీ వాడిపోయింది. సాయంత్రానికి ఏం అమ్మను, ఎండిన కూరా, ఎండిన సార్తినా?"

"నేనేం చెయ్యను యూ? నా చేతిలో ఉందా?"

"చేతిలో లేకపోతే ఆ టోపీ ఎందుకు మరి? ఎండకా?"

నలుగురూ నవ్వారు. ముకిరన్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. గదిలోకి నడిచాడు. ఆయన వెనకే ఒకావిడ వచ్చి గుమ్మంలో నిలబడింది. ముదురు నీలం పరికిణీ, తెల్ల చొక్కా, తలగుడ్డ, చేతిలో ప్లాస్టిక్ సంచిలో కాగితాలు. ఆవిడ పేరు రుమియాతి. కొండ మీది బడిలో మూడో తరగతికి పాఠం చెబుతుంది, అక్కడి మాటలో బూ గురు, పంతులమ్మ.

"పాక్, బండి ఎన్నింటికి బయల్దేరుతుంది? ఉజ్జాయింపుగా కాదు, సరిగ్గా చెప్పండి."

"ఎందుకు బూ గురు?"

"ఒంటిగంటకు బన్యురెజోలో పరీక్ష. పర్మినెంటు ఉద్యోగం పరీక్ష. పన్నెండున్నరకు గేటు మూసేస్తారు."

"ఇంకా టైముందిలెండి."

"టైముందనే రెండు గంటల ముందు చేరే బండెక్కాను పాక్. పదకొండేళ్ళుగా పిల్లలకు పాఠాలు చెబుతున్నాను, ఇంకా తాత్కాలికమే. ఈ పరీక్షకు ముప్పై ఐదు నిండకూడదు. వచ్చే నెల రెండో తారీకుకు నాకు నిండుతాయి." గొంతులో ఏడుపు లేదు. కోపం ఉంది, దాన్ని పళ్ళ బిగువున పట్టుకుని ఉంది. "ఇది పోతే ఇంక లేదు. ఇక్కణ్ణుంచి రోడ్డు దారిన పోదామంటే మోటారు సైకిలు మీద గంటన్నర, అదీ కొండదారి, అదీ ఎవరైనా దొరికితే. అడిగాను, దొరకలేదు. అందుకని అడుగుతున్నాను. ఎన్నింటికి?"

ముకిరన్ కంట్రోలుకు ఫోన్ చేశాడు. అవతల ఉన్నది బ్రమంత్యో. ఇరవై తొమ్మిదేళ్ళవాడు, తమ్ముణ్ణి పిలిచినట్టు మాస్ అని పిలిచే వయసు, చదువుకున్నవాడు, మర్యాద తెలిసినవాడు. ఆ మర్యాదే ముకిరన్‌కు గిట్టదు.

"ఐదు ఎక్స్‌ప్రెస్‌లూ దాటాక వదులుతాం పాక్. పన్నెండూ పది అలా."

పన్నెండూ పదికి వదిలితే ఒంటిగంటకు చేరుతుంది. ముకిరన్ గుమ్మం వైపు చూశాడు. ఆవిడకు వినపడింది. కాగితాల సంచి చంకన పెట్టుకుని నిలబడింది. ఆయన జేబులోంచి పెన్ను తీసి చీటీ మీద తన ఫోన్ నంబరు రాసి ఇచ్చాడు. ఎందుకిచ్చాడో ఆయనకే తెలియదు. ఏదో ఒకటి ఇవ్వాలనిపించింది.

పదకొండుకు మూడో ఎక్స్‌ప్రెస్ వెళ్ళింది. దాని దుమ్ము అణగకముందే ముకిరన్ మళ్ళీ ఫోనందుకున్నాడు.

"మాస్ బ్రమంత్యో, విను. నాలుగోది ఇప్పుడే బన్యురెజో దాటింది. నా 437ను పక్క స్టేషను సిదలాంగ్ దాకా పంపిస్తా. పదకొండు నిమిషాల దారి. అక్కడ ఒక లైను ఖాళీగా పడుంది. క్రాసింగు అక్కడికి మార్చు."

"కుదరదు పాక్. ఎక్స్‌ప్రెస్ సిదలాంగ్‌లో నాలుగు నిమిషాలు ఆగాల్సొస్తుంది."

"ఆగితే? నాలుగు నిమిషాలకు కొంపలంటుకుంటాయా? వీళ్ళు గంటా నలభై నిమిషాల్నించి ఆగున్నారు!"

"మీ బండి ఎలాగూ పోయింది పాక్. నాలుగోది, ఐదోది ఇంకా హద్దులోనే ఉన్నాయి. పోయినదాని కోసం బతికున్నవాటిని చంపుకుంటామా, మీరే చెప్పండి."

"పోయిందెవడయ్యా? నాలుగొందల మంది చెమటలు కక్కుతూ కూర్చున్నారిక్కడ! వచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూడు, పోయారో ఉన్నారో!"

"పాక్, ఇది రికార్డవుతోంది."

"అవనీ! పెద్ద అక్షరాలతో అవనీ!"

ఫోన్ పెట్టేశాడు.  ఇలా అరవడం, వాళ్ళు వినకపోవడం, చివరికి తను బండిని వదిలే పచ్చబిళ్ళ కర్ర పట్టుకుని బయటికి వెళ్ళి వాళ్ళు చెప్పిన బండినే పంపడం. ఇరవై రెండేళ్ళుగా ఇదే తంతు. అరుపు తనది, మాట వాళ్ళది. యూ సార్తి ఆ టోపీ గురించి అడిగినదాంట్లో తప్పేముంది?

పదకొండూ ఇరవైకి సిదలాంగ్ నుంచి గంట మోగింది. లెగియో. అక్కడి ఎర్రటోపీ, పాతికేళ్ళుగా స్నేహితుడు, మనిషి నిదానం. ముకిరన్‌ను అన్నా అన్నట్టు కాంగ్ అని పిలుస్తాడు.

"కాంగ్, నాలుగో ఎక్స్‌ప్రెస్. లైన్ క్లియర్ ఇస్తావా?"

ముకిరన్ కిటికీలోంచి చూశాడు. రెండో లైను మీద జనం. యూ సార్తి పట్టా మీద కాళ్ళు చాపుకుని విసనకర్రతో విసురుకుంటోంది. ఈల ఆయన మెడలోనే ఉంది. ఊదితే రెండు నిమిషాల్లో లేస్తారు. మూడుసార్లు లేచారు.

"లేదు" అన్నాడు.

"ఏం?"

"లైను మీద మనుషులున్నారు."

"లేపవయ్యా మరి."

"ఉన్నారు లెగియో. ఉన్నంతసేపూ లైన్ క్లియర్ లేదు. అది నువ్వు రాసుకో, నేను రాసుకుంటా."

 "అబ్బో" అన్నాడు అవతల లెగియో మెల్లగా. ఆ ఒక్క ముక్కలో భయమూ ఉంది, మెచ్చుకోలూ ఉంది. నాలుగో ఎక్స్‌ప్రెస్ వచ్చి సిదలాంగ్‌లో ఆగింది.

కంట్రోలు ఫోన్ వెంటనే మోగింది. బ్రమంత్యో మర్యాద అంతా ఎగిరిపోయింది. "పాక్ ముకిరన్! ఏం జరుగుతోందక్కడ? వాళ్ళను తరిమెయ్యండి!"

"ఒక్క గొంతు నాలుగొందల మందికి ఎలా సరిపోతుంది మాస్? నువ్వొచ్చి తరుముదువుగానీ రా. చల్లగదిలోంచి బయటికొస్తే ఒంటిక్కూడా మంచిది."

"బెదిరిస్తున్నారా?"

"ఉన్నది చెబుతున్నా. లైను మీద మనుషులు. అబద్ధమైతే నా టోపీ పీకెయ్. నిజమైతే నా చేత 'పంపండి' అనిపించు చూద్దాం, ఎవడొస్తాడో!"

కిటికీ అవతల ఇదంతా వింటున్నారని ఆయనకు తెలుసు. వినాలనే అరిచాడు. పెట్టెల నీడలో లేవబోయినవాళ్ళు కూడా మళ్ళీ కూర్చున్నారు. యూ సార్తి అయితే బుట్ట తెచ్చి రెండు పట్టాల మధ్యన పెట్టి, "నేను ముసలిదాన్ని, మోకాళ్ళు పట్టేశాయి, నన్నెవరూ లేపలేరమ్మా" అని గట్టిగా ప్రకటించింది. గుమ్మం దగ్గర రుమియాతి మాత్రం చేతి గడియారం చూసుకుంటూ నిలబడింది.

నాలుగు నిమిషాలు ఆగనన్న ఎక్స్‌ప్రెస్ సిదలాంగ్‌లో అప్పటికే ఏడు నిమిషాలుగా ఆగి ఉంది. పదకొండూ ఇరవై తొమ్మిదికి ఫోన్ మళ్ళీ మోగింది. బ్రమంత్యో గొంతు ఇప్పుడు చల్లబడి, బల్ల మీద అద్దంలా ఉంది.

"రాసుకోండి పాక్. 437 కలిపుచుంగ్ నుంచి బన్యురెజో వరకు రద్దు. దాని పెట్టెలు స్పెషల్ బండిగా నడుస్తాయి. కలిపుచుంగ్ వదిలేది పదకొండూ ముప్పై మూడు. సిదలాంగ్‌లో క్రాసింగు. బన్యురెజో చేరేది పన్నెండూ ఇరవై రెండు."

ముకిరన్ అప్పజెప్పాడు. గొంతు ఖంగున మోగింది. ఒక్క ముక్క తప్పు పోలేదు. రాశాడు, టైము వేశాడు, సంతకం కొట్టాడు. ఆయనకు వినపడింది రెండే రెండు మాటలు. ముప్పై మూడుకు వదలడం, ఇరవై రెండుకు చేరడం. గెలిచాను! అనుకున్నాడు. జన్మలో మొదటిసారి గెలిచాను! బయటికి పరుగెత్తుకొచ్చి ఈల ఊదాడు. "ఎక్కండి, ఎక్కండి! బూ గురూ, ఎక్కండమ్మా!" యూ సార్తి మోకాళ్ళ నొప్పి ఎటు పోయిందో, అందరికన్నా ముందు ఎక్కింది. బండి కదులుతుంటే కిటికీల్లోంచి జనం ఆయనకు చేతులూపారు. కాలేజీ పిల్లలు "పాక్ ముకిరన్‌కు జై" కొట్టినంత పని చేశారు. కత్మిని టిఫిను డబ్బా తెచ్చి, ఆయన మొహం చూసి, "ఏం, లాటరీ తగిలిందా?" అంది.

పన్నెండూ ముప్పై తొమ్మిదికి జేబులో ఫోన్ మోగింది.

"పాక్, నేను. రుమియాతిని." రొప్పుతోంది. "బండి పన్నెండూ ఇరవైకే చేర్చింది. మోటారు సైకిలెక్కాను. దారిలో రైలు గేటు వేసేశారు, ఐదో ఎక్స్‌ప్రెస్ కోసం. ఏడు నిమిషాలు అక్కడే ఆగిపోయాను. పరీక్ష హాలుకొచ్చేసరికి ముప్పై ఆరు. ఆరు నిమిషాలు పాక్!"

"లోపలికి పంపలేదా?"

"రైలు లేటైతే రైల్వే వాళ్ళ ఉత్తరం తెమ్మంటున్నారు. రూల్లో ఉందట. పన్నెండూ యాభై దాకా చూస్తారట. వెనక్కి స్టేషనుకు వెళ్ళే టైము లేదు. మీరు రాసి ఫోటో పంపగలరా? స్టేషను ముద్ర వేసి?"

"అదెంత పని! ఇప్పుడే!"

కాగితం తీశాడు, ముద్ర తీశాడు, టైములు చూసి ఎక్కిద్దామని రిజిస్టరు తెరిచాడు. తన చేతిరాతే. గుండ్రటి, శుభ్రమైన రాత. 437 రద్దు. స్పెషల్ బండి. చేరవలసింది పన్నెండూ ఇరవై రెండు. కింద తన సంతకం, పదకొండూ ఇరవై తొమ్మిది.

అప్పుడు అర్థమైంది ముకిరన్‌కు. రద్దయిన బండి లేటవదు. స్పెషల్ బండి అప్పుడే పుట్టింది, దాని టైము అప్పుడే పెట్టారు. అది రెండు నిమిషాలు ముందే చేరింది. ఈ రోజున కాగితాల్లో ఈ లోకల్ అసలు లేటవలేదు. ఎండలో రెండు గంటలు కూర్చున్న నాలుగొందల మంది లేని బండిలో కూర్చున్నారు. ఈ మాయ ఆయనకు తెలియనిదా? పదిసార్లు చూశాడు, పదిసార్లు తిట్టాడు. పదకొండోసారి తన నోటితోనే ఖంగున అప్పజెప్పాడు. ఛీ! గెలిచానని గంతులేసే వెధవకు ఏం వినపడుతుంది?

అయినా రాశాడు. "437 కలిపుచుంగ్‌లో రెండు గంటలా పదిహేను నిమిషాలు ఆగింది. నేను కళ్ళారా చూశాను." పేరు, సంతకం, ముద్ర. ఫోటో తీసి పన్నెండూ నలభై నాలుగుకు పంపాడు. తర్వాత బల్ల ముందు నిలబడి ఫోన్ వంక చూస్తూ ఉండిపోయాడు. కత్మిని అన్నం తినమంది. ఆయన డబ్బా మూత కూడా తియ్యలేదు. ఫోన్ మళ్ళీ మోగలేదు.

సాయంత్రం నాలుగూ నలభై లోకల్లో రుమియాతి తిరిగొచ్చింది. ఆ ఊళ్ళో ఆవిడకు పనిలేదు. అయినా దిగింది. తిన్నగా ఆయన గదిలోకి వచ్చింది.

"గేటు దగ్గరాయన మంచివాడే పాక్. మీ ఉత్తరం చదివి నగరం స్టేషనుకు ఫోన్ చేశాడు. 437 రద్దయింది, స్పెషల్ ముందే వచ్చింది అన్నారు వాళ్ళు. ఉత్తరం రాసినాయన సంతకమే దాని కింద కూడా ఉందన్నారు. ఆ గేటాయన నా వంక ఎలా చూశాడో తెలుసా? దొంగ కాగితం తెచ్చినదాన్ని చూసినట్టు."

ముకిరన్ చెయ్యి రిజిస్టరు మీదికి వెళ్ళింది. 

"ఏదీ, చూపించండి."

చూపించకూడదు. చూపించాడు. ఆవిడ వేలు పెట్టి వరుస వెంట చదివింది, పిల్లల నోటుబుక్కు చదివినట్టు. చదివి పుస్తకం మూసింది.

"మా మూడో తరగతి పిల్లలకు నేను చెబుతుంటాను, వాళ్ళు రాస్తుంటారు. ఒక్క తప్పు లేకుండా రాస్తారు కొందరు. ఏం రాశావురా అంటే తెలియదు. వాళ్ళకు ఎనిమిదేళ్ళు పాక్." పుస్తకం ఆయన వైపు తోసింది. "మీరు నా కోసం పోట్లాడారు. అందరూ చెప్పారు. నాకూ తెలుసు. కానీ పోట్లాడకుండా అది చదివి ఉంటే బాగుండేది."

ఇరవై రెండేళ్ళలో ఆ గదిలో ఆయన మీద ఎంతమందో అరిచారు. ఎవరికీ బాకీ ఉంచలేదు. ఈవిడ అరవలేదు, ఆయన తల వంచుకున్నాడు. "పై వాళ్ళకు అప్పీలు పెట్టుకోవచ్చా?" అన్నాడు.

"మూడు రోజుల్లో పెట్టుకోవాలి."

"కూర్చోండి బూ గురు. మళ్ళీ రాసిస్తా."

ఈసారి రాసింది వేరు. "నేను ముకిరన్, కలిపుచుంగ్ స్టేషను. 437ను రద్దు చేస్తున్నట్టు కంట్రోలు చెప్పిన మాటను అర్థం చేసుకోకుండా అప్పజెప్పి సంతకం పెట్టాను. ఆ బండి రద్దు కాలేదు. అదే బండి, అవే పెట్టెలు, అదే జనం. రెండు గంటలా పది నిమిషాలు లేటుగా చేరింది. తప్పు నాది." రాసి, చివరి దాకా చదివాడు. ఇంకోసారి చదివాడు. అప్పుడు సంతకం పెట్టాడు. రైల్వేలో అర్థం చేసుకోకుండా సంతకం పెట్టానని ఒప్పుకోవడమంటే టోపీ తనంతట తానే తీసి బల్ల మీద పెట్టడమేనని ఆయనకు తెలుసు. కత్మినికీ తెలుసు. ఆ రాత్రి ఆవిడ వెక్కిరించలేదు.

అప్పీలుకు జవాబు ఒక్క వాక్యం వచ్చింది. రైల్వే రికార్డు ప్రకారం బండి సకాలంలో చేరినందున విన్నపం తిరస్కరించడమైనది. ఫిబ్రవరి రెండో తారీకు వచ్చింది, పోయింది. రుమియాతి కొండ మీది బడిలో మూడో తరగతికే పాఠం చెబుతోంది, ఇప్పటికీ తాత్కాలికమే. లైను మీద మనుషులున్నారని బండిని ఆపినందుకు ముకిరన్‌ను ఎవరూ ఏమీ అనలేకపోయారు, అది నిజం కాబట్టి. 437 రద్దు కాలేదన్న నిజాన్ని కాగితం మీద రాసినందుకు మాత్రం ఎర్రటోపీ తీసేసుకున్నారు. బన్యురెజో స్టేషన్లో గుమ్మం దగ్గర టికెట్లు చూసే పని ఇచ్చారు. ఆ నెల కంట్రోలు గదికి మంచి మార్కులొచ్చాయని, బ్రమంత్యో అందరికీ మిఠాయి పంచాడని లెగియో చెప్పాడు. చెప్పి, "ఎందుకు చెప్పానో" అని నాలిక్కరుచుకున్నాడు.

ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం మళ్ళీ ఎక్కడో వాన పడింది. బన్యురెజో స్టేషన్లో బోర్డు మీద 437 పక్కన "రద్దు" అని ఎర్రగా వెలిగింది. అదే బండి ఇక్కణ్ణుంచి వెనక్కి పోతుంది కాబట్టి, ఎదురుచూస్తున్న జనం నిట్టూర్చి, సంచులు సర్దుకుని లేచారు. గుమ్మం దగ్గర ముకిరన్ అడ్డంగా నిలబడ్డాడు.

"ఎక్కడికీ? కూర్చోండి! బండి వస్తోంది. సిదలాంగ్‌లో ఆపారు. ఇప్పుడే అడిగాను."

లోపల్నుంచి సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. "పాక్, పాక్, మెల్లగా. రద్దని బోర్డు మీద ఉంది కదా."

"ఉంటే? ఆ బోర్డెక్కి వెళ్తారా వీళ్ళు?"

జనం బోర్డు వంక చూశారు, ఈయన వంక చూశారు. బిడ్డను చంకనేసుకున్న ఒకావిడ ముందుకొచ్చింది. ఫ్యాక్టరీ గుర్తింపు కార్డు మెడలో వేలాడుతోంది.

"లేటా పాక్? ఎంత లేటు? మా మేస్త్రీ నమ్మడు, రద్దయితే వేరే బండెక్కాల్సింది అంటాడు."

"గంటా యాభై నిమిషాలు" అన్నాడు ముకిరన్. జేబులోంచి కాగితాల కట్ట తీశాడు, పెన్ను తీశాడు. "నీ పేరు చెప్పమ్మా, రాసిస్తాను. దీనికి ముద్ర లేదు, విలువ ఉందో లేదో కూడా నాకు తెలియదు. కానీ చదివే సంతకం పెడతాను."

ఆవిడ పేరు చెప్పింది. ఆవిడ వెనక ఇంకో పదిమంది వరుస కట్టారు.